కొండ మీద నింపిన బ్యాటరీ

ఇల్లరికపు అల్లుడి బాధ ఇల్లరికపు అల్లుడికే తెలుస్తుంది. పొగబావ ఆ బాధ రెండు చోట్ల పడ్డాడు, ఇంట్లో ఒకటి, కార్ఖానాలో ఒకటి.

ఇంటి సంగతి ముందు. పెళ్ళి మాటలప్పుడే అమ్మాయి తెగేసి చెప్పింది, తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి వదిలి తాను ఎక్కడికీ రాదట, కావాలంటే ఆయనే రావచ్చట. ఆయన ఒక ట్రంకు పెట్టె, ఒక పానాల సంచీ పట్టుకుని వచ్చేశాడు. ఆ తమ్ముడు అప్పటికి బడిపిల్లాడు. ఎంత సన్నమంటే, తలుపుకి గొళ్ళెం పెట్టినా సందులోంచి దూరి వచ్చేవాడని వీధిలో చెప్పుకునేవారు. గాలివాన రోజుల్లో ఎగిరిపోకుండా అక్క వాడి జేబుల్లో బోల్టులు పోసి బడికి పంపేదట. వట్టి కోతలని తీసిపారేయడానికి లేదు, పొగబావ సంచీలో బోల్టులు తగ్గుతూ ఉండేవి మరి. అలా వాడికి తీగ అని పేరు పడింది. పెద్దయ్యాక కరెంటు చదువే చదివి వైర్ల మధ్యే బతికాడు కాబట్టి ఆ పేరు మార్చే అవసరం ఎవరికీ రాలేదు.

పొగబావ అన్న పేరు మాత్రం తీగ పెట్టిందే. లారీ ఇంజన్ల పని చేసి ఇంటికొచ్చే బావ ఒంటి మీద ఏ సబ్బుకీ లొంగని డీజిలు వాసన ఉండేది. పిల్లాడు ముక్కు మూసుకుని అలా పిలిచాడు, వీధి అందుకుంది. చివరికి కార్ఖానా యజమాని కూడా పదిమందిలో "పొగబావగారూ" అని ఎంతో మర్యాదగా పిలవడం మొదలుపెట్టాడు.

ఆయన చెవి గొప్పది. వీధి చివర ఎవరి స్కూటరు దగ్గినా, ఇంట్లో గడ్డం గీసుకుంటూ దాని రోగమూ, మందూ చెప్పేసేవాడు. ఒకసారి నెత్తి మీద పోతున్న విమానం చప్పుడు విని, ఎడమవైపు ఇంజన్ బాగాలేదు, ఎక్కువ దూరం పోదు అన్నాడనీ, మర్నాడు పేపర్లో ఆ విమానం మధ్యలోనే దిగిపోయిందని పడిందనీ అంటారు. ఆ పేపరు చూసినవాళ్ళు మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

అన్నం తినని తీగకి కథలు చెప్పి తినిపించడం పొగబావ వంతు. వాడు ఊ కొట్టాలి, ఊ ఆగితే కథా ఆగుతుంది, అదీ షరతు. కథలన్నిటిలోకీ వాడికి నచ్చింది ఖాళీ ట్యాంకు లారీ కథ. కొండ నెత్తి మీద లారీలో చమురు చుక్క లేకుండా అయిపోయిందట. పొగబావ బానెట్ మీద చెయ్యి వేసి, "తల్లీ, ఇల్లు చేర్చు" అన్నాడట. అంతే, ఇంజన్ నిప్పు లేకుండా, చమురు లేకుండా పాడుకుంటూ కొండంతా దిగి, వంపు వంపుకీ హారను తనే కొట్టుకుని, ఇంటి ముందుకొచ్చి ఆగి, అప్పుడు మూర్ఛపోయిందట. నిప్పు లేకుండా ఎలా తిరిగింది బావా అని తీగ ప్రతిసారీ అడిగేవాడు. నేనంటే దానికి అభిమానంరా అని ఈయన ప్రతిసారీ చెప్పేవాడు. ముద్ద లోపలికి వెళ్ళేది.

ఇక కార్ఖానా సంగతి. అక్కడ సరుకులు మోసే చిన్న వ్యానులు చేసేవారు. కాలం మారింది, యజమాని బ్యాటరీ బండి చెయ్యాలన్నాడు. ఊళ్ళో తిరగడానికి బ్యాటరీ చాలు, కానీ దూరం పోతే నడి దారిలో చతికిలబడుతుందేమోనని కొనేవాళ్ళ భయం. ఆ భయానికి మందుగా బండి కడుపులో ఒక చిన్న పెట్రోలు ఇంజన్ పెడదామన్నారు. ఆ ఇంజన్ చక్రాల్ని తిప్పదు. చక్రాల్ని తిప్పేది మోటారు, మోటారుకి తిండి పెట్టేది బ్యాటరీ. ఇంజన్ పని ఒక జనరేటరుని తిప్పడం, కాస్త కరెంటు వండి బ్యాటరీకి పెట్టడం. చార్జి తగ్గితే లేవాలి, వండాలి, మళ్ళీ పడుకోవాలి.

బ్యాటరీ, మోటారు, వీటన్నిటినీ ఆడించే మెదడు తీగ వంతు. తీగ అప్పటికి ఆ కార్ఖానాలో పేరున్న ఇంజనీరు. ఇంజన్ పొగబావ వంతు. గేరుబాక్సు చేత పట్టుకుని చక్రాల్ని ఏలిన ఇంజన్లతో జీవితమంతా కాపురం చేసిన మనిషిని, చక్రాలతో చుట్టరికమే లేని ఇంజన్ చెయ్యమంటే గోరుచుట్టు మీద రోకటిపోటు కాక మరేమిటి?

"ఇదేం ఇంజన్‌రా? పెత్తనం లేదు, పేరు లేదు. పిలిస్తే లేవాలి, వద్దంటే పడుకోవాలి."

"ఇల్లరికపు అల్లుడు బావా," అన్నాడు తీగ కంప్యూటరు మీంచి తలెత్తకుండా. "నీకు అలవాటే కదా."

"ఇల్లరికపు అల్లుడికి కనీసం వేళకి కాఫీ ఇస్తార్రా."

ఆ రోజు నుంచి కార్ఖానాలో ఆ ఇంజన్ పేరు అల్లుడు. అల్లుడికి ఆయిల్ మార్చారా, అల్లుడు ఇవాళ లేచాడా, అల్లుడు అలిగాడు ప్లగ్గు చూడండి, ఇలా సాగేది. నవ్వులాటే గానీ ఇద్దరి మధ్యా పోట్లాట చిన్నది కాదు. కొండెక్కాలంటే బలం కావాలి, పెద్ద ఇంజన్ పెట్టాల్సిందే అని పొగబావ. ఎక్కేటప్పుడు కావలసిన ఉరుకు బ్యాటరీ ఇస్తుంది, అల్లుడు చదును మీద నిదానంగా వండి పెడితే చాలు, చిన్నదే పెట్టాలి అని తీగ. తీగ లెక్క కాగితం మీద గెలిచింది, పరీక్షలోనూ గెలిచింది. ఇంజన్ తగ్గీ తగ్గీ, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటో దిగేంత అయింది. పొగబావ నిజంగానే దిగాడు. ఆ ఫోటో ఇంట్లో అద్దం పక్కన ఉంటుంది. మనవణ్ణి ఎత్తుకున్న తాతలా ఉన్నారని భార్య వేళాకోళం చేసేది.

తీగ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. బండి వాలు దిగేటప్పుడు మోటారే జనరేటరై, బండిని వెనక్కి పట్టి ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీలో పోస్తుంది. బ్రేకు ముట్టుకునే పని అంతగా ఉండదు. "అందుకే కొండ మీద మాత్రం నింపకు బావా. కడుపు నిండినవాడికి వడ్డిస్తే విస్తట్లోనే వదిలేస్తాడు. నిండిన బ్యాటరీ ఒక్క ముద్ద పుచ్చుకోదు. అప్పుడు బరువంతా బ్రేకుల మీద పడుతుంది." పొగబావ సరేనన్నాడు. కానీ ఇంజన్లు చేసేవాడి బుద్ధి వేరు. ట్యాంకు నిండుగా ఉంటే వాడు రాజు, ఏ ఎత్తు మీదైనా, ఏ పల్లంలోనైనా. నిండుగా ఉండడం కూడా తప్పయ్యే బండి ఒకటి ఉంటుందని ఆయన చెవి విన్నదే గానీ, చేతులు నమ్మలేదు.

ఒకనాటి మధ్యాహ్నం తీగ ఇంజన్ గదిలోకి వచ్చి వింత ప్రశ్న వేశాడు. అల్లుడికి పెట్రోలు పొయ్యకుండా, నిప్పు వెలిగించకుండా, జనరేటరుతో ఉత్తినే తిప్పితే పాడవుతాడా అని.

"ఉత్తినే ఎందుకు తిప్పడంరా? పొయ్యి వెలిగించకుండా గరిటె తిప్పినట్టు."

"అవుతాడా, అవడా?"

"ఆయిల్ ఉన్నంతసేపూ ఏమీ కాడు. ఊపిరి పీల్చి వదులుతాడు, అంతే."

"అది చాలు," అని తీగ వెళ్ళిపోయాడు. వరండాలో వాడి దగ్గు వినిపించింది. పొడి దగ్గు, చివర ఒక చిన్న కీచు. వీధి చివర స్కూటరు దగ్గుకి మందు చెప్పే మనిషి ఆ దగ్గు విని, షెడ్డులో దుమ్ము ఎక్కువైంది, ఊడిపించాలి అనుకున్నాడు.

దుమ్ము కాదు. తీగ ఊపిరితిత్తులు లోపల తోలులా బిరుసెక్కుతున్నాయట. మెత్తబరిచే మందు లేదట. డాక్టర్లు కొండ మీది ఆసుపత్రికి పంపారు, అక్కడి గాలి మంచిదని. గాలి మంచిదే, పీల్చుకునే తిత్తి ఉండాలి కదా. అక్క వెంట వెళ్ళి తమ్ముడి మంచం పక్కనే ఉండిపోయింది. పొగబావ సెలవు దొరికినప్పుడల్లా బస్సులో వెళ్ళి వచ్చేవాడు. బండి సంగతులు చెబితే తీగ కళ్ళు తెరిచి వినేవాడు, తక్కినవి చెబితే కళ్ళు మూసుకునేవాడు.

చివరికి డాక్టరమ్మ అక్కని గదిలోకి పిలిచి, చెయ్యగలిగింది అయిపోయిందని చెప్పింది. తీగకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఇంటికి పోతానన్నాడు. ఒక్క రాత్రయినా తన మంచం మీద, అక్క వంటింట్లో గిన్నెలు పెట్టుకునే చప్పుడు వింటూ పడుకోవాలన్నాడు. ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని, కుదుపుల్లేకుండా, త్వరగా తీసుకువెళ్ళగలిగితే ఆ ఒక్క రాత్రీ దక్కవచ్చునని డాక్టరమ్మ అంది. దక్కుతుందని మాత్రం అనలేదు.

అంబులెన్సు వద్దన్నాడు తీగ. "దారంతా ఏడుపే దానికి. మన బండి తీసుకురా బావా. అల్లుణ్ణి లేపకు. ఒక్కసారి నీ మోత లేకుండా ఇంటికి తీసుకుపో."

పరీక్ష బండిని కార్ఖానా దాటించడం నియమం కాదు. అయినా యజమాని తాళం తీసి చేతిలో పెట్టాడు. అక్క ముందు రోజే బస్సులో దిగి వచ్చింది, ఇల్లు సర్దడానికి. తమ్ముడి మంచాన్ని ముందు గదిలోకి, కార్ఖానా షెడ్డు కనిపించే కిటికీ దగ్గరికి జరిపించింది. పొగబావ బయలుదేరబోతుంటే గేటు దాకా వచ్చి చెప్పింది.

"గుంతల్లో పోనివ్వకండి. రేపు పొద్దు వాలకముందే వాడు ఈ మంచం మీద ఉండాలి. మీరు ఏం చేస్తారో నాకు తెలీదు."

బండి కొండెక్కింది. సగం ఎక్కేసరికి చార్జి అడుగంటి, అల్లుడు లేచి ఆసుపత్రి దాకా ఊళపెడుతూనే ఉన్నాడు. పొగబావకి ఆ ఊళ వింటుంటే ఒకటే ఆలోచన, రేపు ఇది పిల్లాడి చెవిన పడకూడదు. ఆసుపత్రిలో లాండ్రీ గది పక్కన ఒక పెద్ద ప్లగ్గు ఉంది. దుప్పట్లు ఉతికే ఆమెని బతిమాలి బండి వైరు దానికి తగిలించాడు. తెల్లారి వచ్చి చూస్తే డాష్‌బోర్డు మీద పచ్చ గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండి ఉంది. సంతృప్తిగా దాని మీద చెయ్యి రాశాడు, లారీ బానెట్ మీద రాసినట్టే.

తీగని కుర్చీలో తెచ్చారు. ముందు సీటు వెనక్కి వాల్చి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. సిలిండరు వెనక నిలబెట్టి బెల్టుతో బిగించారు. నర్సు గొట్టం సర్ది, నీళ్ళు తడిపిన గుడ్డ పొగబావకిచ్చి, పెదవులు ఎండితే అద్దమని చెప్పి వెళ్ళిపోయింది.

తీగ కళ్ళు ముందు పచ్చ గీత మీదికే వెళ్ళాయి.

"ఎక్కడ నింపావు?"

"ఇక్కడే. గోరంత ఖాళీ లేదు. ఇంటిదాకా అల్లుడు నోరెత్తితే చెప్పు."

తీగ నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. "కొండ మీద నింపావా బావా," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. గిన్నె బోర్లించిన పిల్లాడితో అన్నట్టు అన్నాడు.

పొగబావకి అప్పుడు తట్టింది. ఎన్నిసార్లు చెప్పాడు వీడు, ఎన్నిసార్లు విన్నాడు తను. మోటారు పట్టుకోదు. ఇంత పొడుగు వాలు మొత్తం బ్రేకుల మీద దిగాలి. బ్రేకులు కాలతాయి, ఆగి ఆగి దిగాలి, వంపు వంపుకీ చల్లార్చాలి. త్వరగా తీసుకెళ్ళమన్న డాక్టరమ్మ మాట, పొద్దు వాలకముందే అన్న భార్య మాట, రెండూ కలిసి నెత్తి మీద పడ్డాయి. హీటరూ లైట్లూ అన్నీ వేసి కాసేపు బ్యాటరీ ఖాళీ చేద్దాం, అప్పుడు బయలుదేరుదాం అన్నాడు.

"ఆ కాసేపు నీ దగ్గరుంది బావా. నా దగ్గర లేదు. పద," అన్నాడు తీగ. కాస్త ఊపిరి కూడదీసుకుని, "నాకూ ఒకటి చూడాలని ఉంది," అన్నాడు.

గేటు దాటి మొదటి వాలులోకి దిగారు. పొగబావ పెడల్ మీంచి కాలు తీశాడు. రోజూ అయితే మోటారు చొక్కా పట్టుకు లాగినట్టు బండిని వెనక్కి పట్టేది. ఇవాళ పట్టు లేదు, బండి జారింది. బ్రేకు తొక్కాడు. వదిలాడు, మళ్ళీ తొక్కాడు. మొదటి వంపు తిరిగేసరికే పెడల్ మెత్తబడినట్టు అనిపించింది. రెండో వంపులో కాలిన వాసన. రాళ్ళ గోడ పక్కన ఆపేసి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. సెగ కొడుతోంది. లోయలోంచి గాలి వస్తోంది గానీ ఆ గాలికి అవి చల్లారేసరికి ఎంతసేపు పడుతుందో ఆయనకి తెలుసు. లోపల తీగ కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఛాతీ చిన్న చిన్నగా ఎగిరి పడుతోంది. కిటికీ దగ్గర నిలబడ్డ భార్య కళ్ళ ముందు కదిలింది. తన నిండు ట్యాంకు బుద్ధిని తిట్టుకుంటూ అలాగే నిలబడ్డాడు. తిట్టుకుంటే బ్రేకులు చల్లారవు. అయినా మనిషి తిట్టుకుంటాడు.

మళ్ళీ బయలుదేరారు. మూడో వాలు నిటారుగా ఉంది. బ్రేకు మీద కాలు ఆనించాడో లేదో, సీటు కింద ఏదో నిట్టూర్చింది.

పొగబావ ఉలిక్కిపడ్డాడు. నిట్టూర్పు సాగింది. మోత కాదు, పేలుడు లేదు, గాలి లోపలికి పోయి బయటికి వస్తున్న చప్పుడు. అదే క్షణంలో బండిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు వేగం తగ్గింది. మోటారు పట్టుకుంది. పెడల్ కింద బ్రేకు తేలికైంది.

"అల్లుడు లేచాడు," అన్నాడు తీగ, కళ్ళు తెరవకుండానే.

"నేను లేపలేదురా. ఒట్టు."

"నేనే." ఒక్కో మాటకీ మధ్య ఆగుతూ చెప్పాడు. "బ్రేకులు కాలితే లేచేలా పెట్టా. నా బ్యాటరీ తినలేనిది వాడు తింటున్నాడు. నిప్పు లేదు. అద్దంలో చూడు, పొగ లేదు."

పొగబావ అద్దంలో చూశాడు. వెనక రోడ్డు శుభ్రంగా ఉంది. వాలులో మోటారు పుట్టిస్తున్న కరెంటు, పోవడానికి చోటు లేక, జనరేటరులోకి పోయి చల్లటి ఇంజన్‌ని గిర్రున తిప్పుతోంది. పొయ్యి వెలిగించకుండా తిప్పిన గరిటె. ఆ మధ్యాహ్నం వరండాలో దగ్గుతూ వెళ్ళినవాడు వెళ్ళి చేసిన పని ఇదీ. బెంచి మీద పరీక్షించి ఉంటాడు, బండిని కొండ మీదికి తెచ్చేలోపు వాణ్ణే కొండ మీదికి తెచ్చారు.

"చిన్నప్పుడు అడిగేవాణ్ణి కదా," అన్నాడు తీగ, "నిప్పు లేకుండా ఎలా తిరిగిందని. ఇదిగో, ఇలా."

పొగబావకి రోడ్డు మసకబారింది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "అభిమానం అని చెప్పలేదట్రా నేను," అన్నాడు.

"ఊ," అన్నాడు తీగ. తరవాత, "ఆ కథ చెప్పు బావా. ఊ కొట్టలేను. వింటా."

పొగబావ చెప్పాడు. కొండ నెత్తి మీద చమురు అయిపోవడం దగ్గర మొదలుపెట్టాడు. ఈసారి లారీలో తనతో పాటు ఒక సన్నటి కుర్రాణ్ణి కూడా ఎక్కించాడు, వాడు గాలికి ఎగిరిపోకుండా జేబు నిండా బోల్టులు పోశాడు. వంపుల దగ్గర హారను ఆ కుర్రాడే కొడుతున్నాడు. దారిలో మబ్బు అడ్డం వస్తే దిగి పక్కకి నెట్టారు. లోయలో గద్దలు లారీ కంటే వెనకబడి సిగ్గుపడ్డాయి. చెబుతూ చెబుతూ ఆయన చెవి ఇంజన్ మీదే ఉంది.

ఉండక ఏం చేస్తుంది? ఏ ఇంజన్‌లోనైనా పేలుడు మోత కింద లోపలి చప్పుళ్ళన్నీ మునిగిపోతాయి. తన చేత్తో చేసిన ఇంజన్ లోపలి మాట ఆయన మొదటిసారి వింటున్నాడు. రింగులు గోడలకి రాసుకునే మెత్తటి రాపిడి, వాల్వులు చిటికెలు వేసినట్టు కూర్చోవడం, గాలి రావడం, పోవడం. వాలు ఎక్కువైతే ఆ ఊపిరి పెరుగుతోంది, వంపులో బండి నిదానిస్తే సన్నబడుతోంది, వంపు దాటాక మళ్ళీ అందుకుంటోంది. ఒక్క చోట గరుకు లేదు. ఇంత మంచి ఇంజన్ తను ఇంతవరకూ చెయ్యలేదని ఆయనకి అనిపించింది. చాలా కాలం తరవాత, చెప్పుకుంటే తప్పుగానీ, సంతోషంగా ఉంది. కాలిన వాసన పోయింది. బండి హాయిగా దిగుతోంది. పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. ఇల్లు చేరతాం, చేరి తీరతాం అనుకున్నాడు. తీగ ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది. దిండు జారితే ఒక చేత్తో సర్దాడు, పెదవులకి తడిగుడ్డ అద్దాడు. కథ సాగదీశాడు.

లారీ ఇంటి ముందుకొచ్చే చోటుకి కథ వచ్చేసరికి బండి కొండ పాదం చేరింది. చదును రోడ్డు వచ్చింది. ఇంక తినడానికి మిగిలింది ఏమీ లేక, అల్లుడు ఒక ఊపిరి పొడుగ్గా వదిలి ఆగిపోయాడు.

ఎక్కడా చప్పుడు లేదు.

"అప్పుడు మూర్ఛపోయిందన్నమాట," అని నవ్వుతూ పక్కకి తిరిగాడు పొగబావ.

ఆయన చెవి వెతికింది. ఆక్సిజన్ గొట్టంలోంచి గాలి ఒకే తీరుగా సుయ్‌మని వస్తోంది. దాన్ని పుచ్చుకుంటున్న చప్పుడు లేదు. బండి పక్కకి ఆపి, బెల్టు విప్పుకుని, తీగ ఛాతీ మీద చెవి ఆనించాడు. ఇంజన్ల మీద ఇనుప కడ్డీ పెట్టి లోపలి మాట వినే చెవి అది. చాలాసేపు ఆనించి ఉంచాడు. వాడి చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. వేళ్ళు మాత్రం అప్పుడే చల్లబడుతున్నాయి.

పక్క నుంచి లారీలు పోతున్నాయి. ఏ లారీ ఏం దగ్గుతోందో ఆ రోజు ఆయనకి తెలియలేదు.

గొట్టం తీసి, సిలిండరు మూసేశాడు. దిండు సరిచేశాడు. తరవాత ఇంటికి పోనిచ్చాడు, నిదానంగా, గుంతలు తప్పించుకుంటూ, భార్య చెప్పినట్టే.

గేటు ముందే తీసి ఉంది. బండి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. అయినా ఆమెకి తెలిసింది, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. కిటికీ అద్దంలోంచి తమ్ముణ్ణి చూసి గొంతు తగ్గించింది.

"నిద్రపోయాడా?"

పొగబావ స్టీరింగు మీంచి చేతులు తీయలేదు. ఆమె ఆయన ముఖం చూసింది. తలుపు తీసి తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు?" అంది.

"తెలీదు."

"పక్కనే ఉన్నారు కదండీ."

"పక్కనే ఉన్నా. కథ చెబుతూ ఉన్నా." సీటు కిందికి చూశాడు. "ఇంజన్ వింటూ ఉన్నా."

"ఇంజన్ వెయ్యొద్దన్నాడు కదా వాడు."

"నేను వెయ్యలేదు. వాడే వేశాడు."

ఆమెకి అర్థం కాలేదు. చొక్కా కాలరు మడత విప్పి సరిచేసింది, తల మీద జుట్టు వేళ్ళతో దువ్వింది. గాలి వీస్తోంది. తమ్ముడి చొక్కా అంచు ఎగిరితే అరచేత్తో అదిమి పట్టుకుంది.

పొగబావ దిగి ఇటు వచ్చాడు, సాయం పట్టబోయాడు. ఆమె వద్దంది. "బరువేముంది వీడు," అని, రెండు చేతులూ కిందికి పోనిచ్చి, చిన్నప్పుడు నిద్రలో ఎత్తుకున్నట్టే ఎత్తుకుంది. ముందు గదిలోకి తీసుకెళ్ళి కిటికీ దగ్గరి మంచం మీద పడుకోబెట్టింది. షెడ్డు కనిపించేలా కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచింది. పొగబావ దిండ్లు పట్టుకుని వెనకాలే వెళ్ళాడు.

వాకిట్లో బండి ముందు తలుపులు రెండూ తెరిచే ఉన్నాయి. డాష్‌బోర్డు మీద పచ్చ గీత ఇంచుమించు నిండుగానే ఉంది. తాళం తిప్పి బండి ఆపలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆపినా ఆపకపోయినా చప్పుడులో తేడా లేని బండి అది.